పడకలు సరే... వైద్యులేరీ? ప్రభుత్వ ఆసుపత్రులపై అజమాయిషీ ఎవరిదంటే..

* ఒకే జిల్లాలో మూడు విభాగాలు.. ముగ్గురు అధికారులు
* మత్తు వైద్యుడు లేకుంటే తెరుచుకోని ఆపరేషన్ థియేటర్
* మంజూరైన పోస్టులు వేరు.. విధుల్లో ఉన్న సిబ్బంది వేరు

శ్రీకాకుళం: ప్రభుత్వ ఆసుపత్రి గుమ్మంలోని బోర్డుపై పడకల సంఖ్య ఉంటుంది. రోగికి కావాల్సింది ఆ పడక వద్దకు వచ్చే వైద్యుడు, నర్సు, మందు. ఇచ్ఛాపురం నుంచి జిల్లా కేంద్రం వంద కిలోమీటర్లకు పైగా దూరం. విశాఖ కేజీహెచ్‌కు వెళ్లాలంటే రెండు వందల కిలోమీటర్లు దాటాలి. దగ్గరి ఆసుపత్రిలో ఒక్క నిపుణుడి పోస్టు ఖాళీగా ఉన్నా, అర్ధరాత్రి నిండు గర్భిణిని అంత దూరం తరలించక తప్పదు. ఆ ఖాళీని ఎవరు భర్తీ చేయాలి, ఎవరు పర్యవేక్షించాలి, ఎవరిని అడగాలి అన్నది చాలామందికి తెలియదు. ఒక కార్యాలయానికి వెళ్తే 'మా పరిధి కాదు' అన్న సమాధానం వస్తుంది. నిజానికి ఎవరి పరిధి ఎంతన్నది నిబంధనల్లో స్పష్టంగానే ఉంది.

ఒక జిల్లా.. మూడు విభాగాలు

రాష్ట్రంలో ప్రభుత్వ వైద్యం మూడు అంచెల్లో నడుస్తోంది. మొదటిది ప్రజారోగ్య, కుటుంబ సంక్షేమ విభాగం. గ్రామాల్లోని ఉపకేంద్రాలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు (పీహెచ్‌సీలు), టీకాలు, మలేరియా, క్షయ నివారణ కార్యక్రమాలు దీని కిందకు వస్తాయి. జిల్లాలో దీనికి బాధ్యులు జిల్లా వైద్య, ఆరోగ్యశాఖాధికారి (డీఎంహెచ్‌వో).

రెండోది సామాజిక ఆరోగ్య కేంద్రాలు (సీహెచ్‌సీలు), ఏరియా ఆసుపత్రులు, జిల్లా ఆసుపత్రుల అంచె. వీటి నిర్వహణకు 1986 నాటి చట్టంతో వైద్య విధాన పరిషత్ ఏర్పడింది. తర్వాతి కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో ఈ ఆసుపత్రులు సెకండరీ హెల్త్ డైరెక్టరేట్ పరిధిలోకి వచ్చాయి. జిల్లాలో వీటిని సమన్వయపరచేది జిల్లా ఆసుపత్రుల సేవల సమన్వయాధికారి (డీసీహెచ్‌ఎస్). టెక్కలి జిల్లా ఆసుపత్రి, సోంపేట సీహెచ్‌సీ వంటివి ఈ కోవలోవే.

మూడోది వైద్య విద్యా సంచాలకుల (డీఎంఈ) విభాగం. వైద్య కళాశాలలు, వాటికి అనుబంధంగా ఉన్న బోధనాసుపత్రులు దీని ఆధీనంలో ఉంటాయి. శ్రీకాకుళంలో ప్రజలు నేటికీ రిమ్స్‌గా పిలిచే సర్వజన ఆసుపత్రి ఇందుకు ఉదాహరణ.

అంటే పీహెచ్‌సీలో వైద్యుడు లేరని డీసీహెచ్‌ఎస్‌కు, సీహెచ్‌సీలో స్కానింగ్ యంత్రం పనిచేయడం లేదని డీఎంహెచ్‌వోకు ఫిర్యాదు చేస్తే అది చేతులు మారడంతోనే కాలం గడిచిపోతుంది. మందులు, పరికరాల కొనుగోలు, భవనాల నిర్మాణ బాధ్యత వీరెవరిదీ కాదు. అందుకు రాష్ట్ర వైద్య సేవలు, మౌలిక వసతుల అభివృద్ధి సంస్థ ప్రత్యేకంగా ఉంది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనతో మరో మార్పు చోటుచేసుకుంది. పాలకొండ, సీతంపేట ప్రాంతాలు పార్వతీపురం మన్యం జిల్లాకు, రాజాం విజయనగరం జిల్లాకు వెళ్లాయి. అక్కడి ఆసుపత్రుల విషయంలో అడగాల్సిన జిల్లా అధికారులూ మారారు.

ఎంత జనాభాకు ఏ ఆసుపత్రి?

ఏ స్థాయి ఆసుపత్రి ఎంతమందికి ఉండాలి, అందులో ఏ సేవలు అందాలి అన్నదానికి భారత ప్రజారోగ్య ప్రమాణాలు కొలమానం. ఇవి 2007లో అమల్లోకి రాగా, 2012లోను, 2022లోను సవరించారు. వీటి ప్రకారం మైదాన ప్రాంతంలో 5 వేల జనాభాకు ఒక ఉపకేంద్రం, 30 వేలకు ఒక పీహెచ్‌సీ, 1.20 లక్షలకు ఒక సీహెచ్‌సీ ఉండాలి. కొండ, గిరిజన ప్రాంతాల్లో ఈ సంఖ్యలు వరుసగా 3 వేలు, 20 వేలు, 80 వేలు. రాకపోకల కష్టాన్ని దృష్టిలో ఉంచుకొని గిరిజన ప్రాంతాలకు ఈ వెసులుబాటు కల్పించారు.

ఈ ప్రమాణాలు మార్గదర్శకాలే తప్ప వాటంతట అవే పోస్టులను సృష్టించవు. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర జాబితాలోని అంశాలు. పోస్టు మంజూరు కావాలంటే రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి, అందుకు ఆర్థికశాఖ సమ్మతించాలి. కేంద్రం 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌ను ప్రారంభించినప్పటి నుంచి కాంట్రాక్టు సిబ్బందిలో పలువురి జీతాలు ఆ నిధుల నుంచి అందుతున్నాయి. ఇందులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. నిధుల విడుదల ఆలస్యమైతే ఆ ప్రభావం మొదట పడేది ఈ సిబ్బంది జీతాలపైనే.

పోస్టుకు నాలుగు మెట్లు

ఒక వైద్యుడు గ్రామీణ ఆసుపత్రిలో రోగిని చూసే వరకు నాలుగు దశలున్నాయి. పోస్టు మంజూరు కావాలి. భర్తీ ప్రకటన వెలువడాలి. ఎంపికైనవారు వచ్చి చేరాలి. చేరినవారు అక్కడే కొనసాగాలి. ప్రభుత్వ ప్రకటనల్లో ఎక్కువగా కనిపించేవి మొదటి రెండు. రోగికి ప్రయోజనం కలిగేది చివరి రెండింటితోనే.

భర్తీ చేసే సంస్థలూ వేర్వేరు. వైద్యుల నియామకాలు రాష్ట్ర స్థాయిలో, స్టాఫ్ నర్సుల నియామకాలు జోన్ స్థాయిలో జరుగుతాయి. జిల్లా స్థాయి కాంట్రాక్టు, పొరుగు సేవల పోస్టులను కలెక్టర్ అధ్యక్షతన ఉండే ఎంపిక సంఘం భర్తీ చేస్తుంది. వైద్య పోస్టుల కోసం తెలంగాణలో 2021లో ప్రత్యేక నియామక బోర్డు ఏర్పాటు కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 2023లో అలాంటి బోర్డుకు చట్టం చేశారు.

చేరిన తర్వాతా ఖాళీలు ఏర్పడతాయి. పీహెచ్‌సీ వైద్యులు ఇన్‌సర్వీస్ కోటాలో పీజీ చదువుకు వెళ్తారు. పల్లెలో పనిచేయడానికి యువ వైద్యులను ఆకర్షించేది ఈ కోటాయే. దాన్ని తగ్గించవద్దంటూ 2024, 2025 సంవత్సరాల్లో రాష్ట్రంలోని పీహెచ్‌సీ వైద్యులు ఆందోళనకు దిగారు. వారు చదువుకు వెళ్లిన మూడేళ్లూ ఆ స్థానంలో మరొకరిని నియమించకపోతే రోగులకు ఇబ్బంది తప్పదు. కోటా లేకపోతే కొత్తవారు పల్లెకు రావడమే తగ్గుతుంది. ఈ రెండింటికీ మధ్య సమతూకం పాటించడం ప్రభుత్వానికి ఎప్పుడూ పరీక్షే.

డిప్యుటేషన్ మరో సమస్య. మారుమూల ఆసుపత్రికి నియమితులైన ఉద్యోగి జీతం అక్కడ తీసుకుంటూ పట్టణంలో పనిచేస్తే, రికార్డుల్లో ఆ పోస్టు భర్తీ అయినట్లే ఉంటుంది. ఖాళీల జాబితాలో అది కనిపించదు కనుక దానికి కొత్త నియామకమూ ఉండదు. అందుకే మంజూరైన పోస్టులు, భర్తీ అయినవి అన్న రెండు అంకెలు సరిపోవు. అక్కడే విధులు నిర్వర్తిస్తున్నవారు ఎందరన్న మూడో అంకె కావాలి.

ఒక్కరు లేకపోయినా అంతే

సిబ్బంది కొరత శాతాల్లో చెబితే తీవ్రత తెలియదు. శస్త్రచికిత్స ద్వారా కాన్పు చేసే ఆసుపత్రిని తొలి రెఫరల్ కేంద్రం అంటారు. అక్కడ 24 గంటలూ గర్భిణులకు అత్యవసర సేవలు, నవజాత శిశువుకు చికిత్స, రక్తం నిల్వ సదుపాయం ఉండాలి. ఇందుకు స్త్రీవైద్య నిపుణురాలు, మత్తు వైద్యుడు, పిల్లల వైద్యుడు ముగ్గురూ అవసరం. ముగ్గురిలో ఇద్దరుంటే కాగితంపై మూడింట రెండొంతుల పోస్టులు భర్తీ అయినట్లు. మత్తు వైద్యుడు లేకపోతే మాత్రం అక్కడ ఒక్క సిజేరియన్ కూడా జరగదు. మిగిలిన ఇద్దరు నిపుణులు ఉన్నా గర్భిణిని వేరేచోటికి పంపాల్సిందే.

ఈ లోటును పూడ్చేందుకు ఎంబీబీఎస్ వైద్యులకే అత్యవసర మత్తు విధానంలో శిక్షణ ఇచ్చే కార్యక్రమాన్ని కేంద్రం చేపట్టింది. తొలుత దాని వ్యవధి 18 వారాలు. శిక్షణ పొందినవారిని ఆపరేషన్ థియేటర్ ఉన్న ఆసుపత్రిలోనే నియమించాలి. వేరే చోటికి పంపితే ఆ శిక్షణ అక్కరకు రాదు.

ఉద్దానం నేర్పే పాఠం

కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలాలతో కూడిన ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా కుటుంబాలను కుంగదీస్తోంది. ఇక్కడ ప్రభుత్వ చర్యలు ఒక్కొక్కటిగా వచ్చాయి. డయాలసిస్ కేంద్రాలు ఏర్పాటయ్యాయి. 2017లో డయాలసిస్ రోగులకు నెలకు రూ.2,500 పింఛను మొదలైంది. 2019లో దాన్ని రూ.10 వేలకు పెంచారు. పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి 2019 సెప్టెంబరులో శంకుస్థాపన జరగ్గా, 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి తాగునీరందించే పథకమూ అదే రోజు ప్రారంభమైంది.

పలాస భవనం సిద్ధం కావడానికి నాలుగేళ్లు దాటింది. ఒక కిడ్నీ వైద్య నిపుణుడు తయారుకావడానికి ఎంబీబీఎస్‌కు అయిదున్నరేళ్లు, ఎండీకి మూడేళ్లు, ఆపై డీఎంకు మరో మూడేళ్లు, మొత్తం పదకొండున్నరేళ్లు పడుతుంది. అలాంటి నిపుణులకు పెద్ద నగరాల ప్రైవేటు ఆసుపత్రుల్లో గిరాకీ ఎక్కువ. కాబట్టి భవన నిర్మాణంతోపాటే నియామకం, వసతి, ప్రోత్సాహకాల ప్రణాళిక నడవాలి. సాధారణంగా డయాలసిస్ రోగికి వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలపాటు చికిత్స అవసరం. ఒక్క విడత తప్పినా ప్రాణాపాయమే. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో నడిచే డయాలసిస్ కేంద్రాల్లో సాంకేతిక సిబ్బంది నిర్వాహక సంస్థ ఉద్యోగులే. అలాంటిచోట ప్రభుత్వ పర్యవేక్షణ అంటే ఒప్పందంలోని ప్రతి నిబంధన అమలవుతోందో లేదో చూడటమే.

తనిఖీ చేసేదెవరు?

ఆసుపత్రిపై నిఘా ఒక్కచోట లేదు. జిల్లా ఆరోగ్య సంఘానికి కలెక్టర్ అధ్యక్షులు. జిల్లాలో జరిగే ప్రతి మాతృ మరణాన్ని సమీక్షించాలని 2010 నాటి కేంద్ర మార్గదర్శకాలు నిర్దేశించాయి. 2017లో వాటిని మరింత విస్తరించారు. ఏ దశలో ఆలస్యం జరిగింది, వాహనం ఎప్పుడు వచ్చింది, ఎక్కడి నుంచి ఎక్కడికి పంపారు వంటి వివరాలు ఆ సమీక్షలో తేలాలి. తప్పు ఒకరిపై నెట్టడం దాని ఉద్దేశం కాదు, అదే లోపంతో మరో తల్లి ప్రాణం పోకుండా చూడటం.

జిల్లా పరిషత్‌లోని ఏడు స్థాయీ సంఘాల్లో నాలుగోది విద్య, వైద్య సేవలకు సంబంధించినది. అధికారులు ఆ సమావేశంలో సభ్యుల ప్రశ్నలకు జవాబివ్వాలి. ఆసుపత్రి అభివృద్ధి సంఘాల్లో ప్రజాప్రతినిధులు, అధికారులు సభ్యులుగా ఉంటారు. చిన్నపాటి మరమ్మతులు, అత్యవసర కొనుగోళ్లకు ఈ సంఘాల నిధులు ఉపకరిస్తాయి. సంఘం సమావేశం కాకపోతే నిధులున్నా ఖర్చు కావు. గ్రామ స్థాయిలో సర్పంచి, ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలతో గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘం ఉంటుంది.

నాణ్యత పరిశీలనకు జాతీయ నాణ్యతా ప్రమాణాల ధ్రువీకరణ, పరిశుభ్రతకు 2015లో మొదలైన కాయకల్ప పురస్కారాలు ఉన్నాయి. రాష్ట్ర స్థాయిలో కాగ్ ఆడిట్ నివేదికలు రాజ్యాంగంలోని 151వ అధికరణ ప్రకారం శాసనసభ ముందుకు వస్తాయి. వాటిని ప్రజాపద్దుల సంఘం పరిశీలిస్తుంది.

నిధుల్లేవంటే కుదరదు

అత్యవసర స్థితిలో వచ్చిన రోగికి ప్రభుత్వ ఆసుపత్రి వైద్యం నిరాకరిస్తే అది 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కుకు భంగమేనని సుప్రీంకోర్టు 1996లో పశ్చిమ బెంగాల్‌కు చెందిన కేసులో తీర్పునిచ్చింది. గాయపడిన వ్యక్తిని పడకలు లేవని, సదుపాయాలు లేవని ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి తిప్పిన ఉదంతమది. నిధుల కొరతను సాకుగా చూపి ప్రభుత్వం ఈ రాజ్యాంగ బాధ్యత నుంచి తప్పించుకోజాలదని న్యాయస్థానం స్పష్టం చేసింది.

ప్రజలు అడగాల్సిందేమిటంటే..

* ఉపకేంద్రం, పీహెచ్‌సీ సమస్యలైతే డీఎంహెచ్‌వోకు. సీహెచ్‌సీ, ఏరియా, జిల్లా ఆసుపత్రులవైతే సంబంధిత సూపరింటెండెంట్‌కు, డీసీహెచ్‌ఎస్‌కు. బోధనాసుపత్రిలోవైతే అక్కడి సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.

* పరిధి తెలియనప్పుడు కలెక్టరేట్‌లో సోమవారాల్లో జరిగే ప్రజా ఫిర్యాదుల వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి.

* 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం ప్రతి కార్యాలయం తన ఉద్యోగుల వివరాలను తానే వెల్లడించాలి. దరఖాస్తుకు 30 రోజుల్లో, ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో జవాబివ్వాలి.

* దరఖాస్తులో 'ఖాళీలెన్ని' అని మాత్రమే అడిగితే పూర్తి చిత్రం రాదు. మంజూరైన పోస్టులు, భర్తీ అయినవి, డిప్యుటేషన్‌పై వెళ్లినవారు, దీర్ఘకాలిక సెలవులో ఉన్నవారు, గత నెలలో విధులకు హాజరైన రోజులు విడివిడిగా కోరాలి.

* రోగిని వేరే ఆసుపత్రికి పంపితే రెఫరల్ చీటీపై కారణం, సమయం రాయించుకోవాలి. 'నిపుణులు లేరు' అన్న ఆ ఒక్క మాట కాగితంపై ఉంటే, తర్వాత ఏ అధికారి ముందైనా అదే ఆధారం.