ఆటకు వన్నె, నాదము

కృష్ణదేవరాయలు 1513లో ఉదయగిరి దుర్గమును ముట్టడించి, 1514లో గజపతుల నుండి గైకొనెను. ఆ ముట్టడిని కంప్యూటరు ఆటగా మలచదలచిన ఆత్మకూరు యువజనులకు మొదటి ప్రశ్న పనిముట్లను గూర్చియే.

ఇట్టి ఆటలలో బొమ్మను చుక్క చుక్కగా పేర్చవలెను. అమిగా యంత్రమునకై 1985లో డాన్ సిల్వా చేసిన డీలక్స్ పెయింట్ 32 వన్నెలతోనే ఈ కళకు బాట వేసినది. 1987లో కార్‌స్టెన్ ఒబార్‌స్కీ చేసిన సౌండ్‌ట్రాకర్ ఆ యంత్రపు నాలుగు నాదమార్గములలో సంగీతము కూర్చినది. 1994లో అమిగాను చేసిన కామొడోర్ సంస్థ దివాలా తీయగా, ఆ పనిముట్లును క్రమముగా మరుగునపడినవి.

డేవిడ్ కపెల్లో 2001లో ఆరంభించిన ఏస్‌ప్రైట్‌ను తొలుత ఎవరైనను స్వేచ్ఛగా మార్చి పంచవచ్చును. 2016లో ఆ షరతులు మారినవి. పాత షరతుల ప్రతియే లిబ్రెస్ప్రైట్‌గా నిలిచినది. ధ్వనులను కోసి అతుకుటకు 2000లో వెలువడిన ఆడాసిటీ ఉచితము. 48 గంటల ఆటల పోటీకై 2007లో టామస్ పెటర్సన్ చేసిన ఎస్‌ఎఫ్‌ఎక్స్‌ఆర్, మీట నొక్కినంతనే దెబ్బల ధ్వనులను పుట్టించును.

ఉదయగిరిలో కొయ్యచెంచాలు చెక్కు ఉలికి షరతులు మారవు, సాఫ్టువేరుకు మారును. కావున బొమ్మలను పీఎన్‌జీగను, ధ్వనులను వేవ్‌గను వేరుగా దాచుకొనుడని మేము చెప్పుదుము. పనిముట్టు పోయినను పని మిగులును.