తోకచుక్కపై మూడడుగులు

1969 సెప్టెంబరు 11వ తేదీన, అప్పటి సోవియట్ రాజ్యములోని ఆల్మా-ఆటా నగరమునకు చేరువనున్న వేధశాలలో, స్వెత్లానా గెరాసిమెంకో అను యువతి ఒక గాజుపలకపై ఆకాశమును చిత్రించినది. ఆమె వెదకినది కోమాస్ సోలా అను తోకచుక్కను. పలక అంచున మసకమసకగా ఒక మచ్చ కనబడుటచే అదియే కాబోలునని అనుకొనిరి. కీవ్ నగరమునకు మరలివచ్చిన పిదప, ఆమె సహచరుడైన క్లిమ్ చుర్యుమోవ్ ఆ పలకలను తీరికగా కొలిచి చూచుచు, ఆ మచ్చ కోమాస్ సోలా ఉండవలసిన చోటికి దాదాపు రెండు డిగ్రీల ఎడముగా నున్నదని గుర్తించెను. రెండు డిగ్రీలన్నచో నలుగురు పూర్ణచంద్రులను ప్రక్కప్రక్కన పేర్చినంత దూరము. గణితములో అంతటి పొరపాటు దొరలుటకు వీలులేదు. వెదకబోయిన తీగ కాలికి తగిలినదందురు. ఇక్కడ తగిలినది వెదకని తీగ. ఆ అనామక జ్యోతి నాటినుండి చుర్యుమోవ్-గెరాసిమెంకో ధూమకేతువని వారిరువురి పేరిట వ్యవహరింపబడుచున్నది.

ఆ పలకపైకి అది వచ్చుటయు యాదృచ్ఛికమే. 1959వ సంవత్సరమునకు పూర్వము అది సూర్యునికి ఎన్నడును అంత చేరువగా వచ్చెడిది కాదు. ఆ యేడు బృహస్పతి దాపునుండి పోవుచుండగా, ఆ మహాగ్రహము దానిని పట్టి లాగి మార్గమును మార్చివేయుటచే, అది ఇంచుమించు ఆరున్నరేండ్ల కొకమారు మన చూపుమేరకు వచ్చు చుక్క యైనది. మన పెద్దలు ధూమకేతువు పొడచూపినచో రాజులకు అరిష్టమనిరి. వరాహమిహిరుడు బృహత్సంహితలో కేతుచారమునకు ఒక అధ్యాయమునే కేటాయించెను. రాజులు పోయిరి, తోకచుక్కలు మిగిలినవి. హైదరాబాదులో పెరిగి, అచ్చటి ప్రభుత్వపు ఉపకారవేతనముతో హార్వర్డు విశ్వవిద్యాలయమునకు వెళ్లిన వేణు బప్పు 1949లో ఒక క్రొత్త తోకచుక్కను కనుగొన్నదియు ఇట్లే, ఛాయాచిత్రపు పలకపైననే. ఆ పలకల కాలమే వేరు. చీకటిలో రాత్రియంతయు కన్నులు కాయలు కాచునట్లు కూర్చుండి, పగలు భూతద్దముతో చుక్కలను లెక్కించువారి ఓర్పు నేడు యంత్రముల పాలైనది.

తోకచుక్క యనగా మంచును ధూళియు కలిసిన ముద్ద. సూర్యుడు పుట్టిననాటి ద్రవ్యము, నాలుగున్నర వందల కోట్ల యేండ్లనాటిది, ఇంచుమించు చెడక చలిలో దాగియున్న భాండాగారమది. ప్రక్కనుండి తొంగిచూచి పోవుట చాలదు, చేతితో ముట్టి చూడవలెనని యూరోపియన్ అంతరిక్ష సంస్థవారు సంకల్పించి, రోజెట్టా అను నౌకను, దాని ప్రక్కన వ్రేలాడు ఫీలే అను నూరు కిలోల ల్యాండరును నిర్మించిరి. వారు మొదట ఎన్నుకొన్నది ఈ తోకచుక్కను కాదు, విర్టానెన్ అను మరియొకదానిని. 2003 జనవరిలో ప్రయాణము కావలసియుండగా, అంతకు కొన్ని వారముల ముందు ఏరియన్ రాకెట్టులలో క్రొత్తరకము ఒకటి ఆకాశముననే విఫలమగుటచే ముహూర్తము తప్పిపోయినది. ముహూర్తము తప్పినచో చుక్క కాచుకొని యుండదు గదా! కావున గమ్యమునే మార్చవలసివచ్చినది. చుర్యుమోవ్, గెరాసిమెంకోల చుక్కకు ఆ విధముగా వంతు వచ్చినది. 2004 మార్చి 2వ తేదీన ఫ్రెంచి గయానాలోని కూరూ నుండి నౌక బయలుదేరిననాడు, దానిని సాగనంపుటకు ఆ యిరువురును అచ్చట నుండిరి. చుర్యుమోవ్ వయస్సు అప్పటికి అరువదియేండ్లు దాటియున్నది.

పేర్ల సంగతి కొంత చెప్పవలెను. 1799లో ఈజిప్టు దేశమున దొరకిన రోజెట్టా శిలయు, నైలునదిలోని ఫీలే ద్వీపమునుండి తెచ్చిన ఒక శిలాస్తంభమును ఆ దేశపు చిత్రలిపిని చదువుటకు తాళపుచెవులైనవి. సౌరకుటుంబపు ప్రాచీనలిపిని చదువబోవు యంత్రములకు ఆ పేర్లు పెట్టిరి. ఆస్వాన్ ఆనకట్టల నీటిలో మునుగుచున్న ఫీలే దేవాలయములను రాయి రాయి విప్పి ప్రక్కనున్న అగిల్కియా ద్వీపముపై తిరిగి నిలిపిన కథ తెలుగువారికి క్రొత్తగా తోచదు. నాగార్జునసాగరము నిండునప్పుడు మనవారును నాగార్జునకొండ లోయలోని బౌద్ధశిథిలములను కొండనెత్తమునకు చేర్చి, నేడు లాంచీలో పోయి చూచి వచ్చుచున్నారు. ఫీలే దిగవలసిన చోటికి అగిల్కియా యని పేరు పెట్టినవారు ఆ దేవాలయములకు దొరకిన పునఃప్రతిష్ఠయే తమ యంత్రమునకును దొరకునని ఆశించిరి కాబోలు.

పదేండ్ల ప్రయాణమును ఇచ్చట వివరింపబోను. నౌక మూడుమారులు భూమి దాపునను, ఒకమారు అంగారకుని దాపునను దూసుకొనిపోయి, ఒడిసెలలోని రాయివలె వాని ఆకర్షణవలన వేగమును, దారిని మార్చుకొన్నది. సూర్యకాంతి చాలని దూరమునకు చేరినపుడు 2011 జూన్ నుండి 31 నెలలపాటు దానిని నిద్రపుచ్చిరి. 2014 జనవరి 20వ తేదీన అది మేలుకొని భూమికి సంకేతము నంపెను. ఆగస్టు 6వ తేదీన చుక్కను చేరినది. అంతకుముందే, దగ్గరగుచు చూడగా, అందరు ఊహించిన గుండ్రని ముద్ద కాక, తలయు మెడయు మొండెమును గల బాతుబొమ్మ యొకటి కనబడినది. రెండు ముద్దలు ఒకదాని కొకటి అంటుకొని ఏర్పడిన ఆ వస్తువు పొడవు నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. పన్నెండు గంటలు దాటినంతనే ఒక ఆత్మప్రదక్షిణము. ఎటు చూచినను కొండచరియలు, గుండ్లు, గోతులు; చదునైన నేల అరుదు. దిగువానికి ఇంతకంటె గడ్డు నేల వేరొకటి యుండబోదు.

దిగుట యనగా ఇచ్చట ఏమో గ్రహింపవలెను. 2023లో మన విక్రమ్ ల్యాండరు చంద్రునిపై దిగినపుడు, చంద్రుడు గట్టిగా లాగుచుండ వేగమును అణచుకొనుటయే దాని కష్టము. తోకచుక్కపై కష్టము దీనికి సరిగా విపరీతము. అచ్చటి ఆకర్షణ ఎంత స్వల్పమనగా, నూరు కిలోల ఫీలే అచ్చట ఇంచుమించు ఒక ఎండుమిరపకాయ తూగునంత మాత్రమే తూగును. తాకినది నిలువదు, బంతివలె ఎగిరి, వేగము సెకనుకు అరమీటరు మించెనా, శాశ్వతముగా శూన్యములో కలిసిపోవును. కావున దానిని పట్టి యుంచుటకు మూడుపాయములు కూర్చిరి: పాదములలో మరలు, నేలలోనికి దూసుకొనిపోవు రెండు ఈటెలు, తాకిన క్షణమున పైనుండి క్రిందికి అదుముటకు వాయువును చిమ్ము గొట్టము.

2014 నవంబరు 11వ తేదీ రాత్రి పరీక్షించి చూడగా ఆ గొట్టము పనిచేయలేదు. దానిని బాగుచేయుటకు మార్గములేదు. జర్మనీలోని డార్మ్‌స్టాట్, కొలోన్ నగరములలో రాత్రియంతయు మేలుకొనియున్నవారు, అది లేకున్నను సరియే, వదలివేయుదమని నిర్ణయించిరి. ఆ నిర్ణయము సాహసమో తెగింపో చెప్పుట కష్టము. ఈటెలు పట్టుకొనునను నమ్మకముతో చేసిన పనియని మాత్రము చెప్పవచ్చును. మరునాడు 22 కిలోమీటర్ల యెత్తునుండి రోజెట్టా ఫీలేను విడిచిపెట్టెను. దానికి దారి మళ్లించుకొను శక్తిలేదు; జారవిడిచిన రాయివలె ఏడుగంటలసేపు మెల్లగా పడుచు పోయినది. భూమికి 51 కోట్ల కిలోమీటర్ల దూరమున జరుగుచున్న ఆ పతనపు వార్త మనకు చేరుటకు 28 నిమిషములు పట్టును. కావున ఇచ్చటివారు చూచుచున్నది ఎప్పుడును గడచినకాలమునే. మన దేశములో రాత్రి 9 గంటల 33 నిమిషములకు, తాకినదను సంకేతము వచ్చినది. లక్ష్యమునకు సుమారు 120 మీటర్ల దూరములోనే! కరతాళధ్వనులు, కౌగిలింతలు, కన్నీళ్లు.

ఆ కరతాళధ్వనులు ముగియకమునుపే సందేహము మొదలైనది. ఈటెలు ప్రయోగింపబడలేదు. మరలు నేలను పట్టలేదు. ఫీలే సెకనుకు 38 సెంటీమీటర్ల వేగముతో పైకెగిరి, దాదాపు కిలోమీటరు ఎత్తునకు లేచి, గిరగిర తిరుగుచు తేలుచుండెను. మరికొన్ని సెంటీమీటర్ల వేగము అధికమైయున్నచో తిరిగి వచ్చెడిది కాదు. నడుమ ఒక గోతి అంచును రాచుకొని, దాదాపు రెండుగంటలు గడచిన పిదప మరల నేల తాకి, మరల స్వల్పముగా లేచి, ఏడునిమిషములకు మూడవచోట నిలిచినది. వామనుడు అడిగి పుచ్చుకొన్నవి మూడడుగులు. ఈ యంత్రము అడుగకయే మూడడుగులు వేసినది. తుదకు చిక్కినది ఒక గుట్ట నీడలో, ఒక కాలు శూన్యములోనికి పైకి లేచి, ప్రక్కకు ఒరిగి. ఆ చోటికి పిమ్మట అబైడాస్ అని పేరు పెట్టిరి. ఈజిప్టువారికి అది ఒసిరిస్ దేవునికి నెలవైన శ్మశానక్షేత్రము. పేరు పెట్టినవారికి కీడు శంకించు బుద్ధి యుండెనేమో యని నాకు తోచును.

ఆ నీడయే శాపమైనది. పన్నెండుగంటల దినములో గంటన్నర మాత్రమే ఎండ తగులుటచే సూర్యఫలకములు బ్యాటరీని నింపజాలవు. ఉన్న బ్యాటరీ నిండుకొనులోపల పది పరికరములతోను పని చేయింపవలెను. తొలిస్పర్శ మొదలు 57 గంటలు ఆ యంత్రము పనిచేసినది. సుత్తితో కొట్టి నేల గట్టిదనము చూచినది. ఆ చోట నేల అనుకొన్నదానికంటె ఎంతో కఠినము. మరతో తొలిచి చూచినది. తుదిగంటలలో దానికి చెప్పిన ఆజ్ఞ, కొంచెము లేచి నిలిచి, 35 డిగ్రీలు తిరిగి, పెద్ద ఫలకమును ఎండవైపునకు పెట్టుకొనుమని. అది అట్లే చేసినది. నవంబరు 15వ తేదీన, ఐరోపాలో అర్ధరాత్రి దాటినవేళ, మాట ఆగిపోయినది.

ఇందులో నాకు మిక్కిలి విచిత్రముగా తోచు విషయము వేరొకటి. మొదట తాకినపుడు లేచిన ధూళి ఫీలే అడుగునున్న గొట్టములోనికి పోయినది. ఎగిరి తేలుచుండగా, 25 నిమిషములకు, ఆ ధూళిని అది మూచూచి, పదునారు కర్బన సమ్మేళనములను గుర్తించినది. అందు నాలుగు అంతవరకు ఏ తోకచుక్కయందును కనబడనివి. చక్కగా దిగి స్థిరముగా నిలిచియున్నచో ఆ ధూళి లేచెడిదా? రెండవమారు తాకినచోటు మరింత చిత్రము. దానిని చాలకాలము ఎవ్వరును గుర్తింపలేదు. 2020లో పాత చిత్రములను శోధించి కనుగొనగా, ఫీలే అచ్చట ఒక గుండును ఒరసి, ఇరువదియైదు సెంటీమీటర్ల లోతున నొక్కి, నాలుగున్నర వందల కోట్ల యేండ్లనాటి మంచును బయలుపరచినదని తెలిసినది. ఆ మంచు కాఫీ పైనుండు నురుగుకంటెను మెత్తనిదట. సుత్తితో కొట్టినచోట రాయి, కాలు జారినచోట నురుగు! ఇక పైన తిరుగుచున్న రోజెట్టా సంపాదించిన ఆవిరులలో భారజలము పాలు మన సముద్రములందలి దానికి మూడింతలని ఆనాటి కొలతలలో తేలుటచే, మన సముద్రపునీరు ఇట్టి చుక్కలనుండి వచ్చెననుట కష్టమని అప్పుడు తోచినది.

ఫీలే 2015 జూన్ 13వ తేదీన, ఎండ పెరిగిన పిదప, ఏడు నెలల నిద్రనుండి లేచి పలుకరించినది. జూలై 9వ తేదీ తరువాత మరల పలుకలేదు. అది ఎచ్చట నున్నదో అప్పటికి ఎవరికిని నిశ్చయముగా తెలియలేదు. నౌక ప్రయాణము ముగియుటకు నెలరోజులుండగా, 2016 సెప్టెంబరు 2వ తేదీన, 2.7 కిలోమీటర్ల దాపునుండి తీసిన చిత్రములో, గుట్టనీడలో ఇరుక్కొని కాళ్లు చాపుకొనియున్న ఫీలే కనబడినది. అదే నెల 30వ తేదీన రోజెట్టాను కూడ మెల్లగా ఆ చుక్కపైననే దింపివేసిరి. రెండువారములకు చుర్యుమోవ్ కన్నుమూసెను. ఆయన చుక్క 2021 నవంబరులో మరల సూర్యుని దాపునకు వచ్చి పోయినది. 2028లో మరల రానున్నది. అబైడాస్ గుట్టక్రింద ఫీలే దానితోకూడ తిరుగుచున్నది.