మోటారుకారులో పెట్రోలు పంపు: దాని పూర్వకథ, అది చూపు గురుతులు

కారు నడుమదారిలో నిలిచిపోయినప్పుడు “హఠాత్తుగా చెడిపోయినది” అందుము. తరచుగా ఆ మాట నిజము కాదు. కొన్నియేండ్ల క్రిందట మా గ్రామమునుండి పురిటినొప్పులు పడుచున్న యొక స్త్రీని రాత్రివేళ కారులో పట్టణమునకు గొనిపోవుచుండగా, చెరువుకట్ట యెక్కుచోట బండి రెండు కుదుపులు కుదిపి ఆగిపోయెను. తుదకు ట్రాక్టరు తెప్పించి ఆమెను ఆసుపత్రికి చేర్చిరి. తల్లియు బిడ్డయు క్షేమమే. కాని అంతకు పదిదినములనుండి ఆ కారు మిట్ట యెక్కినప్పుడెల్ల కుదుపుచునే యుండెనని డ్రైవరు పిమ్మట నొప్పుకొనెను. ఇంజనునకు పెట్రోలు నందించు పంపు నానాటికి క్షీణించుచుండగా, ఎవ్వరును గమనింపలేదు.

పూర్వపు కార్లలో పెక్కింటికి ఈ పంపే లేదు. అమెరికాలో 1908 మొదలు 1927 వరకు తయారైన ఫోర్డు ‘టి’ మోడలు కారునకు చాలకాలము పెట్రోలు టాంకు ముందుసీటు క్రిందనే యుండెను. నీరు పల్లమునకు పారినట్లు పెట్రోలు తన బరువుచేతనే కార్బురేటరునకు దిగుచుండెను. టాంకులో పెట్రోలు తగ్గియున్నప్పుడు ఏటవాలు కొండ యెక్కవలసివచ్చినచో, ఇంజను టాంకుకంటె పైకి లేచి ధార తెగిపోవును. అప్పుడు డ్రైవరు కారును వెనుకకు మరల్చి, వెనుకగేరులో కొండ నెక్కించెడివాడు. చూచువారికి నవ్వు వచ్చును గాని, ఉపాయము మాత్రము సరియైనదే!

పిమ్మట ఇంజను పీల్పుచేతనే పెట్రోలును లాగుకొను చిన్న తొట్టి వచ్చెను. దీర్ఘమైన ఎక్కుడులో ఆ పీల్పు తగ్గి తొట్టి ఖాళీ యగుచుండెను.

1920వ దశకము చివరనుండి ఇంజనుచేత నడచు పంపు వ్యాపించెను. ఇంజనులోని యిరుసు ఒక మీటను కదలించును. మీట సాగెడు పొరను లాగి విడుచును. రెండు కవాటములు పెట్రోలును ఒకే దిక్కునకు పోనిచ్చును. మన చేతిపంపులో తోలు వాషరు అరిగినచో నీరు రానట్లే, పొర ప్రాతబడిన పంపు వేగమునకు చాలినంత పెట్రోలు నందింపలేదు. పొర చిరిగినచో పెట్రోలు ఇంజను నూనెలో కలియును. నూనె కొలుచు చువ్వను తీసి వాసన చూచినచో తెలిసిపోవును. వేసవిలో పంపుమీద తడిగుడ్డ కప్పిన డ్రైవర్లను మీలో పలువురు చూచియుందురు. అది వేడికి పెట్రోలు ఆవిరియై దారి నడ్డగించుటకు విరుగుడే గాని, పంపు చెడినదనుటకు గురుతు కాదు.

1948లో ఇంగ్లండులో వెలువడిన మారిస్ మైనరు కారునకు విద్యుత్తుతో నడచు పంపు నమర్చిరి. తాళము త్రిప్పగానే అది టిక్కుటిక్కుమని కొట్టుకొని, కార్బురేటరు నిండగానే నెమ్మదించును. ఆగకుండ వడివడిగా కొట్టుకొన్నచో టాంకు ఖాళీ యైనను కావలెను, గొట్టములో గాలియైనను చొరవలెను. అసలు మ్రోగకున్నచో లోపలి విద్యుత్తు మొనలు అంటుకొని యుండవచ్చును. చిన్న దెబ్బ కొట్టిన మరల కదలుటయు కలదు.

నేటి పెట్రోలు కార్లలో పంపు సామాన్యముగా టాంకులోనే మునిగియుండును. పూర్వపు పంపు చదరపు అంగుళమునకు సుమారు 4 పౌండ్ల ఒత్తిడి నిచ్చినచో, ఇది సాధారణముగా 40 పౌండ్లకు పైబడి యీయవలెను. కారు చక్రములోని గాలి ఒత్తిడికంటె అది హెచ్చు. అట్టి పంపు నీరసించినప్పుడు మొదట మిట్టలమీదను, పెద్ద వేగమునను, బరువు వేసినప్పుడును బండి బలము తప్పును. సమతలమున నెమ్మదిగా పోవునప్పుడు ఏమియు తెలియదు. చాలమంది మోసపోవునది ఇచ్చటనే. వేడియెక్కిన యింజను మరల త్వరగా అందుకొనకపోవుట రెండవ గురుతు. తాళము త్రిప్పగానే వెనుకసీటు దిక్కునుండి వినవచ్చు సన్నని రొద పెద్దదై యేడ్పువలె మారుట మరియొకటి. ఆ రొద బొత్తిగా లేకున్నచో, పంపుకంటె ముందు ఫ్యూజును, రిలేను చూడవలెను.

ఈ గురుతులే పెట్రోలు వడపోత మూసికొన్నప్పుడును కనబడును. కావున ఒత్తిడి కొలిచి చూపకుండ పంపు మార్చుమనువానికి తొందరపడి డబ్బీయకుడు.

మునిగియున్న పంపును చల్లబరచునది ఆ పెట్రోలే. మా గ్రామపు కారు టాంకులో ఏ దినమునను రెండు లీటర్లకు మించి పోయించుట లేదని, క్రొత్త పంపు వేయించిన నాడు ఆ డ్రైవరే మాతో చెప్పెను.