సుబ్బారావు పోయాక మెథోట్రెక్సేట్

యల్లాప్రగడ సుబ్బారావు గురించి తెలుగులో ఎవరు రాసినా కథ దాదాపు ఒకే చోట ఆగుతుంది. 1895లో భీమవరంలో పుట్టడం, మద్రాసు మెడికల్ కాలేజీ, హార్వర్డ్, న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాల, 1948 ఆగస్టులో మరణం, ఆపైన నోబెల్ రాలేదన్న బాధ. ఆ బాధ అన్యాయమని నేననను. అయితే ఆయన బృందం తయారుచేసిన, క్యాన్సరుకీ కీళ్లవాతానికీ వాడే మెథోట్రెక్సేట్ సంగతి చూస్తే, అసలు చరిత్ర ఆయన పోయాకే మొదలైందనిపిస్తుంది. రసాయనం సీసాలోకి వచ్చినంత మాత్రాన మందు కాదు. ఎంత ఇవ్వాలి, ఎన్నాళ్లు ఇవ్వాలి, ఎక్కడ ఆపాలి అన్న లెక్క తేలాలి. ఆ లెక్క తేలడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. దాన్ని తేల్చినవాళ్లకి కూడా కనిపెట్టినవాళ్లతో సమానమైన వాటా ఉందన్నదే నా వాదన.

మొదలు మన దేశంలోనే ఉంది. 1928లో బొంబాయి వచ్చిన లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో ఒక రకం రక్తహీనతని గమనించి, మార్మైట్ అనే ఈస్టు సారంతో అది తగ్గుతుందని 1931లో ప్రకటించింది. అందులో పనిచేసిన పదార్థమే తర్వాత ఫోలిక్ యాసిడ్‌గా తేలింది. దాన్ని 1945 నాటికి సుబ్బారావు బృందం ప్రయోగశాలలో తయారుచేసింది. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ దాని సంబంధిత పదార్థాలని లుకేమియా పిల్లలకి ఇచ్చి చూస్తే, జబ్బు తగ్గకపోగా జోరందుకున్నట్టు కనిపించింది. అలాగైతే ఫోలిక్ యాసిడ్‌కి అడ్డుపడే పదార్థం ఇస్తే? సుబ్బారావు బృందం నుంచి అమినోప్టెరిన్ వచ్చింది. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు అచ్చయ్యాయి: 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు వెనక్కి తగ్గింది. అయితే ఆ ఉపశమనం తాత్కాలికమే. మందు నోటిలో పుళ్లు పుట్టించింది, రక్తకణాల్ని పడగొట్టింది.

‘అణువే లేకపోతే మోతాదు ఎక్కడిది?’ అని అడగొచ్చు. సబబైన ప్రశ్నే. కానీ అమినోప్టెరిన్ గతి చూడండి. మెథోట్రెక్సేట్ కన్నా అదే శక్తిమంతమైనది, పేరు ముందు తెచ్చుకున్నదీ అదే. అయినా 1950ల్లో డాక్టర్లు దాన్ని పక్కనబెట్టి, దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ వైపు మళ్లారు. మేలుచేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య ఎడం మరీ తక్కువ కావడమే కారణం. అదుపులోకి రాని గట్టి మందు ఓడిపోయింది, అదుపులోకి వచ్చినది నిలబడింది. మిన్ చియు లి సంగతి మరీ విచిత్రం. అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆయన, రాయ్ హెర్ట్జ్ కలిసి మావి కణాల నుంచి పుట్టే కోరియోకార్సినోమాని మెథోట్రెక్సేట్‌తో లొంగదీశారు. 1956లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. ఎక్స్‌రేలో గడ్డలు మాయమయ్యాక కూడా లి మందు ఆపలేదు. ఆ క్యాన్సర్ వదిలే హార్మోను పూర్తిగా పోయేదాకా ఇస్తూనే పోయాడు. ఉత్త పుణ్యానికి రోగులకి విషం ఎక్కిస్తున్నాడని పైవాళ్లు ఆయన్ని సాగనంపారు. అదే లి 1972లో లాస్కర్ బహుమతి అందుకున్నాడు. లి కొత్త రసాయనమేదీ చేయలేదు. ఎక్కడ ఆపకూడదో చెప్పాడు, అంతే.

జీవశాస్త్రజ్ఞులు మరో మాట అంటారు: మందు కణంలో ఏం చేస్తుందో తెలియకుండా మోతాదు కట్టడం గుడ్డివాటం కదా అని. తేదీలు ఇక్కడ వాళ్లకి పూర్తిగా కలిసిరావు. మెథోట్రెక్సేట్ అడ్డుకునే ఎంజైము ఏదో 1958లో గాని తేలలేదు. లి రోగులు అప్పటికే కోలుకున్నారు. అయినా ఈ వాదనలో జీవశాస్త్రాన్ని పూర్తిగా ఓడించడం కుదరదు. రక్తంలోంచి వెళ్లిపోయినా మందు కణంలో రూపం మార్చుకుని చాలా రోజులు నిలిచి ఉంటుందని తెలిశాకే, వారానికొక్క మోతాదు ఎందుకు చాలుతుందో, రోజూ వేస్తే ఎందుకు ప్రాణం తీస్తుందో అర్థమైంది.

ఎముక క్యాన్సరుకి ఇచ్చే పెద్ద మోతాదు చూస్తే ఈ లెక్క ఎంత సూక్ష్మమో తెలుస్తుంది. ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకి 12 గ్రాముల దాకా ఎక్కిస్తారు. విరుగుడు ఇవ్వకపోతే ప్రాణాంతకమే. మందు మూత్రపిండాల్లో గడ్డకట్టకుండా సోడియం బైకార్బొనేట్ ఎక్కిస్తారు. మూత్రం పీహెచ్ 7 కన్నా పడిపోకుండా మాటిమాటికీ పరీక్షిస్తారు. 24 గంటలయ్యేసరికి ల్యూకోవొరిన్ అనే విరుగుడు మొదలవుతుంది. రక్తంలో మందు ఎంత మిగిలిందో కొలిచి, తగ్గేదాకా విరుగుడుని కొనసాగిస్తారు. అదే రసాయనం కీళ్లవాతానికైతే వారానికి 7.5 మిల్లీగ్రాములతో మొదలు. 1951లోనే గబ్నర్ అనే డాక్టరు అమినోప్టెరిన్‌తో కీళ్లవాతం తగ్గుతుందని గమనించినా, వారం మోతాదుకి గట్టి రుజువు 1985 దాకా రాలేదు.

ఇక్కణ్ణుంచి కథ మందుల షాపు కౌంటరు మీదికి వస్తుంది. ‘ఇందులో పరిశోధనేముంది, చీటీ సరిగ్గా చదవడమే కదా’ అనేవాళ్లున్నారు. పదేళ్ల కాలంలో ఈ మాత్రల తికమకతో ముడిపడ్డ 25 మరణాల లెక్క చూపి, 2004లో ఇంగ్లండ్ రోగి భద్రతా సంస్థ హెచ్చరిక జారీచేసింది. అందులో పదేపదే కనిపించే పొరపాటు, వారానికోసారి వేయాల్సింది రోజూ వేయడం. మన షాపుల్లో కవరు మీద రాసే ‘1-0-1’ పద్ధతినే తీసుకోండి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రికి అందులో గడులున్నాయి, ‘వారానికోసారి’కి లేదు. పైగా ఒంటికి పడకపోవడం తగ్గడానికి అదే రోగికి ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు. రెండూ చాలాసార్లు చిన్న పసుపు మాత్రలే. ఒకదాన్ని ఇంకొకటనుకుంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. మాత్ర వేసుకునే రోజు ఏ వారమో చీటీ మీద రాయాలని 2020లో బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ చెప్పింది. మందు పుట్టిన డెబ్బై ఏళ్లకి వచ్చిన సవరణ ఇది.

చీటీని ఇలా సరిచూడాల్సిన ఫార్మసిస్టుని వార్డులోకి తెచ్చే ప్రయత్నం 1966లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కో ఆసుపత్రి తొమ్మిదో అంతస్తులో మొదలైంది. మన దేశంలో ఆరేళ్ల ఫార్మ్‌డీ చదువుకి 2008లో నిబంధనలొచ్చాయి. ఆ పట్టా తెచ్చుకున్నవాళ్లని ఆసుపత్రులు ఏ పనికి వాడుకుంటున్నాయో అడగాల్సి ఉంది. చీటీ మీద వారం పేరు రాసి ఉందో లేదో చూసే మనిషి లేనిచోట సుబ్బారావు మందు ఇప్పటికీ సగమే తయారైంది.