స్ప్రింగు ఎయిర్ పిస్టల్: ట్యూనింగ్ అంటే ఏం చేయాలి? చట్టం ఎక్కడ అడ్డొస్తుంది?

పారిస్ 2024 ఒలింపిక్స్‌లో మను భాకర్ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో కాంస్యం గెలిచారు. అంతకు ముందు ఏడాది హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ అదే విభాగంలో రజతం తెచ్చారు. ఎయిర్ పిస్టల్ అనే మాట మన ఇళ్లలో వినిపించడానికి ఇలాంటి పతకాలే కారణం. కానీ ఇప్పటి పోటీల్లో వాడే పిస్టళ్లు సిలిండర్‌లో నింపిన గాలితో పనిచేస్తాయి. వాటి ధర లక్ష రూపాయలు దాటుతుంది. సరదాగా ఖాళీ డబ్బాలనో కాగితపు గురినో కొట్టాలనుకునే వ్యక్తి కొనేది స్ప్రింగు పిస్టల్. నుమాయిష్‌లో, జాతరల్లో బుడగలు పేల్చే తుపాకీకి అది తమ్ముడు.

దీని పనితీరు చూడటానికి సులువు. గొట్టాన్ని మడిచినా, పైనున్న మీటను లాగినా లోపలి స్ప్రింగు నొక్కుకుపోయి పిస్టన్ వెనక్కి వెళ్లి కొక్కేనికి చిక్కుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే పిస్టన్ ముందుకు దూసుకెళ్లి గాలిని అదుముతుంది. ఆ గాలే ఛర్రాను తోస్తుంది. చిక్కేమిటంటే, ఛర్రా గొట్టం దాటకముందే లోపల బరువైన పిస్టన్ కదిలి, ఆగి, కాస్త వెనక్కి ఎగురుతుంది. అంటే పిస్టల్ ముందూ వెనకా రెండు వైపులా కుదుపుకు లోనవుతున్న సమయంలోనే ఛర్రా బయటపడుతుంది. ఈ కుదుపును తప్పించడానికి జర్మనీ కంపెనీలు చాలా తంటాలు పడ్డాయి. డయానా ఎదురెదురుగా కదిలే రెండు పిస్టన్లను పెట్టింది. ఫైన్‌వెర్క్‌బావ్ తన మోడల్ 65లో యంత్రభాగమంతా పట్టాల మీద వెనక్కి జారేలా చేసింది. మామూలు పిస్టల్‌లో ఈ ఏర్పాట్లేవీ ఉండవు. అందుకే గట్టిగా బిగించి పట్టుకుంటే గురి చెదురుతుంది. ప్రతిసారీ ఒకేలా, కాస్త వదులుగా పట్టుకోవాలి.

ట్యూనింగ్ అనగానే చాలామందికి తట్టేది ఇంకా గట్టి స్ప్రింగు వేయడం. ఇది దండగ పని. అర గ్రాము ఛర్రా సెకనుకు 120 మీటర్ల వేగంతో వెళితే దాని శక్తి 3.6 జౌల్స్. 10 మీటర్ల దూరంలో డబ్బాను పడగొట్టడానికి అది చాలు. గట్టి స్ప్రింగు వేస్తే లాగడం కష్టమవుతుంది, కుదుపు పెరుగుతుంది, సీల్ త్వరగా పోతుంది. ఇంత చేసినా వేగం పెరిగేది కొంతే.

ఇక చట్టం సంగతి. 2016 ఆయుధ నియమాల ప్రకారం 20 జౌల్స్ మించిన శక్తి ఉన్నా, గొట్టం లోపలి వ్యాసం 4.5 మిల్లీమీటర్లు దాటినా ఆ ఎయిర్ గన్ లైసెన్సు పరిధిలోకి వస్తుంది. మొదటి హద్దు పిస్టల్‌కు చాలా దూరం. అర గ్రాము ఛర్రాతో 20 జౌల్స్ రావాలంటే వేగం సెకనుకు దాదాపు 283 మీటర్లు ఉండాలి. చేతిపిస్టల్ స్ప్రింగుతో అది అయ్యే పని కాదు. జనం తెలియక చిక్కుకునేది రెండో హద్దు దగ్గర. 5.5 మిల్లీమీటర్ల పిస్టల్ శక్తి ఎంత తక్కువైనా లైసెన్సు కావాల్సిందే. అందుకే పాత పిస్టల్ కొనేటప్పుడు గొట్టం మీద 4.5 లేదా .177 అనే అంకె ఉందో లేదో ముందు చూడాలి.

మరి అసలైన ట్యూనింగ్ ఏది? పది ఛర్రాలు కాలిస్తే పదీ దాదాపు ఒకే వేగంతో వెళ్లేలా చూడటం. గీరుకుపోయిన స్ప్రింగు చివరలను నునుపు చేయడం, స్ప్రింగు లోపలుండే గైడ్ వదులుగా ఉంటే సరైనది వేయడం, స్ప్రింగుకు చిక్కటి గ్రీజు పలచగా పూయడం. కాల్చినప్పుడు వచ్చే 'ఝుంయ్' చప్పుడు తగ్గిందంటే పని బాగా జరిగినట్టు. అయితే లోపలి స్ప్రింగు ఎప్పుడూ కొంత నొక్కుడులోనే ఉంటుంది. దాన్ని పట్టి ఉంచే బిగింపు సాధనం లేకుండా పిన్ను లాగితే భాగాలు ముఖం మీదికి ఎగిరొస్తాయి. ఆ సాధనం, అనుభవం లేనివాళ్లు ఈ పనిని మరమ్మతుదారుకు వదిలేయడమే మేలు.

ఎక్కువ పిస్టళ్లు పాడయ్యేది నూనె వల్ల. కుట్టుమిషను నూనె, కొబ్బరినూనె, తుప్పు వదిలించే స్ప్రే, ఇంట్లో ఏది కనిపిస్తే అది గొట్టంలో పోస్తారు. పిస్టన్ అదిమినప్పుడు గాలి ఒక్కసారిగా వేడెక్కుతుంది. డీజిల్ ఇంజిన్‌లోలాగే అక్కడి నూనె అంటుకుంటుంది. పెద్ద శబ్దం, పొగ, కాలిన వాసన వస్తాయి. 'పవర్ పెరిగింది' అని సంబరపడేవాళ్లూ ఉన్నారు! ఆ పేలుడుకు దెబ్బతినేది సీల్, స్ప్రింగు. గాలి అదిమే గదిలోకి పెట్రోలియం నూనె అసలు పోకూడదు. తయారీదారు చెబితేనే సిలికాన్ నూనె ఒక చుక్క. మడిచే కీలుకు, ట్రిగ్గర్ కొక్కేనికి మాలిబ్డినం గ్రీజు అగ్గిపుల్ల మొనంత చాలు.

గాలి కారుతోందేమో ఇంట్లోనే చూడొచ్చు. గొట్టం కీలు దగ్గర, చేతికి దూరంగా, సన్నటి టిష్యూ కాగితం ముక్క ఉంచి, ఛర్రా పెట్టి గురిబోర్డు వైపు కాల్చండి. కాగితం ఎగిరితే అక్కడి రబ్బరు సీల్ మార్చాలి. ఛర్రా లేకుండా ఉత్తగా కాల్చకూడదు. ఎదురు ఒత్తిడి లేక పిస్టన్ గోడకు గుద్దుకుంటుంది. లాగి ఉంచిన పిస్టల్‌ను గంటలకొద్దీ వదిలేస్తే స్ప్రింగు బలం తగ్గుతుంది. గొట్టం మడిచే రకమైతే ఛర్రా పెట్టేటప్పుడు రెండో చేత్తో గొట్టాన్ని గట్టిగా పట్టుకోవాలి. జారి మూసుకుంటే వేళ్లు నలుగుతాయి.

ట్రిగ్గర్‌ను మరీ తేలిక చేయొద్దు. ఒలింపిక్ స్థాయి ఎయిర్ పిస్టల్‌కే కనీసం 500 గ్రాముల ట్రిగ్గర్ బరువు ఉండాలన్నది నిబంధన. చవక పిస్టల్ కొక్కేన్ని అరగదీస్తే, చిన్న తాకుడుకే పేలే వస్తువు తయారవుతుంది.

రాయ్‌పూర్ వాతావరణం దీనికి మరో పరీక్ష. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటితే పలచటి గ్రీజు కారిపోయి గదిలోకి చేరుతుంది. జులై నుంచి తేమ మొదలై, స్పాంజి పెట్టెలో దాచిన పిస్టల్ ఆ స్పాంజి తగిలిన చోటే తుప్పు పడుతుంది. వానాకాలంలో నూనె గుడ్డతో తుడిచి, పొడి బీరువాలో పెట్టి తాళం వేయాలి.

గురి వెనక ఏముందన్నది అన్నిటికన్నా ముఖ్యం. గట్టి గోడకో ఇనుప రేకుకో తగిలిన ఛర్రా వెనక్కి ఎగిరొస్తుంది. ఈ విషయంలో పండరీ చుట్టుపక్కల వాళ్లకు ఒక సౌకర్యం ఉంది. నగరంలో పెద్ద బట్టల మార్కెట్ అక్కడే. దర్జీల దగ్గర మిగిలే కత్తిరింపు ముక్కలను చెక్కపెట్టెలో బాగా కూరి, వెనక మందపాటి ప్లైవుడ్ బిగిస్తే ఛర్రాలు అందులోనే ఆగిపోతాయి. పెట్టె దాటి పోయిన ఛర్రా ఎవరికీ తగలకుండా దాని వెనక గోడ కూడా ఉండాలి. పిట్టగోడ మీద డబ్బా పెట్టి కాల్చడం ప్రమాదం. గురి తప్పిన ఛర్రా వంద మీటర్లకు పైగా పోతుంది. కంటికి తగిలితే చూపు పోవచ్చు. కాల్చేవారూ పక్కన నిలబడినవారూ రక్షణ కళ్లద్దాలు పెట్టుకోవాలి.

లైసెన్సు అక్కర్లేదన్నంత మాత్రాన బాధ్యత పోదు. ఇతరుల ప్రాణానికి ముప్పు తెచ్చే నిర్లక్ష్యం భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ కిందికి వస్తుంది. అడవి పక్షులను కొడితే 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉంది. అరుణాచల్ ప్రదేశ్‌లో ఈ వేట ఎంత ముదిరిందంటే, ఎయిర్ గన్‌లను స్వచ్ఛందంగా అప్పగించాలని 2021లో ప్రభుత్వమే ఉద్యమం మొదలుపెట్టింది.

ఛర్రాలు సీసంతో చేసినవి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే టీ కప్పు ముట్టుకోవాలి. వాడిన ఛర్రాలను ఏరి మళ్లీ వాడొద్దు. వంకర పోయిన అంచు వల్ల గురి పోవడమే కాదు, గొట్టంలో ఇరుక్కుంటుంది కూడా.