కొత్వాల్ చావడి నుంచి మినెసోటా మాల్ దాకా

అమెరికాలో ఆరు నెలలు ఉండి వచ్చారు కదా, ఏం చూశారు అని చాలామంది అడుగుతున్నారు. చలికాలంలో మినెసోటా పోయినవాళ్లం, మనవరాలిని పట్టుకుని మేము ఎక్కువగా చూసింది మాల్. ఇది చెబితే అందరూ నవ్వుతారు. నవ్వండి, కానీ ఆ మాల్‌కు ఒక చరిత్ర ఉంది. మన పిల్లలకు, మన మాటకు సంబంధించిన సంగతి కూడా అందులో ఉంది కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాము.

బయట మైనస్ ఇరవై డిగ్రీలు ఉంటే ఐదేళ్ల పిల్లను ఎక్కడ ఆడించాలి? అందుకే అక్కడ పొద్దున్నే ముసలివాళ్లు మాల్‌లో నడకకు వస్తారు, తర్వాత పసిపిల్లలను తోపుడు బండ్లలో పెట్టుకుని తల్లులు వస్తారు. కొనేది తక్కువ, తిరిగేది ఎక్కువ. అసలు మాల్ కట్టిన మనిషి కోరుకున్నదీ దాదాపు అదే.

ఆయన పేరు విక్టర్ గ్రూయెన్. వియన్నాలో పుట్టిన యూదుడు. 1938లో హిట్లర్ ఆస్ట్రియాను కలుపుకున్నప్పుడు దేశం వదిలి అమెరికా చేరాడు. అక్కడ ఊళ్లు కారు కోసం పరుచుకుపోతున్నాయి, మనుషులు నడిచి కలుసుకునే చోటు లేదు అని ఆయన బాధ. మినియాపోలిస్‌లో డేటన్ అనే పెద్ద దుకాణం వాళ్లు (టార్గెట్ దుకాణాలు మొదలుపెట్టింది కూడా ఆ కంపెనీయే) ఆయనకు పని అప్పగించారు. ఈడైనా అనే ఊళ్లో 1956 అక్టోబరు 8న సౌత్‌డేల్ తెరిచారు. 72 దుకాణాలు, ఐదు వేలకు పైగా కార్లు నిలిపే స్థలం. దుకాణాల మొహాలు రోడ్డు వైపు కాక లోపలికి తిప్పాడు. నడుమ కప్పు వేసిన ముంగిలి, అందులో చెట్లు, ఎత్తైన పక్షుల పంజరం, కాఫీ తాగే కుర్చీలు. బయట మంచు పడినా లోపల ఎండాకాలమే. అమెరికాలో పూర్తిగా కప్పు కింద ఉండి, చలీ వేడీ అదుపులో పెట్టిన మొదటి మాల్ అదే అంటారు.

ఆయన ప్లానులో చుట్టూ ఇళ్లు, బడులు, ఆసుపత్రి, పార్కు కూడా ఉండాలి. కట్టింది మాల్, కార్ల స్థలం. దాన్ని చూసి దేశమంతా కాపీ కొట్టారు, కాపీ కొట్టినవాళ్లు దుకాణాలు తీసుకుని చెట్టూ కుర్చీ వదిలేశారు. ఆయన విసిగి వియన్నాకు తిరిగిపోతే, ఆ ఊరి బయట కూడా ఒక పెద్ద మాల్ లేచింది. ఈ మాల్‌లు నావి కావని ఆయనే బహిరంగంగా చెప్పాడు. 1980లో పోయాడు.

మేము ఎక్కువగా పోయింది దానికి దగ్గర్లోనే బ్లూమింగ్టన్‌లో ఉన్న మాల్ ఆఫ్ అమెరికా. 1992లో తెరిచారు. నట్టనడుమ పిల్లల రంగులరాట్నాలు, రోలర్ కోస్టరు. ఒకప్పుడు అది బేస్‌బాల్ స్టేడియం. 1967లో ఒక ఆటగాడు కొట్టిన బంతి ఎంత దూరం పోయిందో గుర్తుగా ఎర్ర కుర్చీ ఒకటి గోడ మీద ఎత్తున బిగించారు. "తాతా, అంత పైన ఎవరు కూర్చుంటారు?" అని మనవరాలు రోజూ అడిగేది. నడిచే చోట్లకు హీటరు పెద్దగా లేదు, పైకప్పు అద్దాల నుంచి ఎండ, దీపాలు, మనుషుల ఒంటి వేడి చాలునట. మనుషుల వేడితో నడిచే బజారు అంటే మాకు సరదాగా అనిపించింది.

కానీ అది వీధి కాదు. 1996లో శుక్ర, శనివారాల సాయంత్రం పదహారేళ్ల లోపు పిల్లలు పెద్దవాళ్లు తోడు లేకుండా ఉండకూడదని నియమం పెట్టారు. అక్కడ నిరసన చేసినవాళ్ల కేసులో, ఇది సొంత ఆస్తి, ఇక్కడ మాట్లాడే హక్కు రాజ్యాంగం ఇచ్చింది కాదు అని మినెసోటా సుప్రీంకోర్టు 1999లో తేల్చింది.

ఇక మన బజార్లు. మాకు తెలుగు వచ్చింది ఇంట్లో సగం, కొత్వాల్ చావడిలో సగం. బడి అంతా తమిళం. ఆ కూరగాయల బజారు ఉన్న స్థలం కన్యకా పరమేశ్వరి దేవస్థానానిది, చుట్టూ తెలుగు వర్తకులు. నాన్న చేయి పట్టుకుని పోతే వీశె, సోల, తవ్వ, బేరం, అరువు అన్నీ చెవిలో పడేవి. మనవాడు కానివాడితో, ఇంటి బయట, తెలుగులో మాట్లాడే చోటు అది. 1996లో హోల్‌సేలు కోయంబేడుకు పోయింది. మూర్ మార్కెట్టు అంతకు ముందే, 1985 మేలో కాలిపోయింది. పాత పుస్తకాలు, చిలకలు, బొమ్మలు అమ్మిన ఆ చోటే ఈనాటి మన లోకల్ రైళ్ల స్టేషను. ఆ స్టేషనును రైల్వేలో ఇప్పటికీ మూర్ మార్కెట్ కాంప్లెక్స్ అనే అంటాము.

మాల్‌లో పిల్లకు అలా చెవిలో పడేది ఏమీ లేదు. ధర అట్ట మీద ఉంటుంది, బేరం లేదు, కార్డు గీకితే అయిపోయింది. కొసరు అంటే ఏమిటని మనవరాలు అడిగింది. తినుబండారాల దగ్గర పుల్లకు గుచ్చి ఊరికే ఇచ్చిన ముక్కను చూపించి, ఇదే కొసరు అన్నాము. మా ఇంటావిడ ఒప్పుకోలేదు. "కొన్న తర్వాత పైన వేసేది కొసరు. ఇది ఎర" అన్నది. ఆమె చెప్పిందే సరి. ఆ మాట ఆ పిల్లకు తెలియాలంటే మేమే చెప్పాలి, లేకపోతే ఎవరూ లేరు.

ఒకరోజు ఫుడ్ కోర్టులో పక్క బల్ల దగ్గర తెలుగు వినబడింది. గుంటూరు వైపు దంపతులు, ఇద్దరు మగపిల్లలు. మా మాట విని వాళ్లే పలకరించారు. "మీది ఏ ఊరండీ?" చెన్నై అన్నాము. "ఓహో, తమిళ్సా? తెలుగు బాగా మాట్లాడుతున్నారే!" ఈ మాట మన సంఘంలో పడనివాళ్లు ఉండరు. మా వాళ్లు విజయనగర, నాయకుల కాలం నుంచి తమిళదేశంలో ఉన్నారండీ, ఇంట్లో మాట తెలుగే అని చెప్పాము. వాళ్లు మర్యాదగా విన్నారు, చివరికి ఇష్టంగానే విన్నారు. మనవరాలు కూడా వింటూ ఉంది. "అంటే మనం అప్పటి నుంచీ ఫారిన్‌లోనే ఉన్నామా, అవ్వా?" అన్నది. వాళ్లూ నవ్వారు, మేమూ నవ్వాము. ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్న ఆ మగపిల్లలు కూడా తర్వాత వచ్చి తెలుగులో రంగులరాట్నం సంగతి అడిగారు.

వచ్చే చలికాలం అటు పోయే సభ్యులకు ఒక మాట. మినియాపోలిస్ నుంచి మాల్ దాకా 2004 నుంచి లైట్ రైలు ఉంది, విమానాశ్రయం మీదుగా పోతుంది. కొడుకు సెలవు పెట్టి కారు తీసే పని లేదు. పిల్లను ఎక్కించుకుని, టికెట్టు కొనుక్కుని, స్టేషన్ల పేర్లు తెలుగులో రాయించుకుంటూ పోవచ్చు. మేము అలాగే పోయేవాళ్లం. రాసిన కాగితాలు మనవరాలి దగ్గరే ఉన్నాయి.