మూట విప్పి చూపించిన మనిషి: జాన్ బెయిన్



పోయిన పెద్దల గురించి ఇక్కడ రాస్తూ ఉంటాను. ఈసారి మన జాతి, మన ఊరు, మన వయసు ఏదీ కాని మనిషి గురించి రాస్తున్నాను. మన ఇళ్లలో పిలకాయలను అడగండి, కొందరికైనా తెలిసే ఉంటుంది. పేరు జాన్ బెయిన్. టోటల్ బిస్కెట్ అనే పేరుతో యూట్యూబులో కంప్యూటర్ ఆటలకు వ్యాఖ్యానం చెప్పేవారు. 1984లో ఇంగ్లండులో పుట్టి, అమెరికాలో స్థిరపడి, 2018 మే 24న 33 ఏళ్లకే పెద్దపేగు క్యాన్సరుతో పోయారు.

ఆయన చేసిన పనులు రెండు. స్టార్‌క్రాఫ్ట్ 2 పోటీలకు, మనం రేడియోలో విన్న క్రికెట్ కామెంటరీలాగ, వ్యాఖ్యానం చెప్పడం ఒకటి. కొత్తగా వచ్చిన ఆటను తెరచి, ఆడుతూ, కొనవచ్చా లేదా చెప్పడం రెండోది. పేరు తెచ్చింది ఈ రెండోదే.

రైల్వే రసీదు మీద 'సెడ్ టు కంటెయిన్' అని రాసేవాళ్లం. మూటలో ఫలానా సరుకు ఉందని పంపినవాడు చెప్పాడు, మేము విప్పి చూడలేదు అని దాని అర్థం. ఆటల వ్యాపారమూ అట్లే నడిచేది. కంప్యూటర్ ఆటలు అమ్మే పెద్ద అంగడి స్టీమ్. 2015 జూన్ వరకు అక్కడ కొన్న ఆట బాగా లేకపోయినా డబ్బు వాపసు దొరకడం అరుదు. ఆ కాలంలో బెయిన్ మూట విప్పి చూపించారు. ముందు సెట్టింగులు తెరిచేవారు. సెకనుకు ఎన్ని బొమ్మలు కదులుతున్నాయి, 60 రావలసిన చోట 30 దగ్గర కట్టేశారా అని చూసేవారు. ఆ తరువాతే ఆట.

ఇది అందరికీ నచ్చలేదు. 2013లో ఒక ఆట బాగా లేదని చెబితే, దాన్ని తయారు చేసిన కంపెనీ కాపీరైటు పేరు చెప్పి ఆ వీడియోను తీయించింది. ఆయన ఆ సంగతినే బయట పెట్టారు. కంపెనీ వెనక్కి తగ్గింది. 2014లో ఒక పెద్ద ఆటకు డబ్బు తీసుకుని మంచి మాటలే చెప్పాలనే ఒప్పందాలు నడుస్తున్నాయని చాటిన వాళ్లలో ఆయన ఒకరు. 2016లో అమెరికా వాణిజ్య సంస్థ ఎఫ్‌టీసీ ఆ ఆట అమ్మిన వార్నర్ బ్రదర్స్ మీద చర్య తీసుకుంది. ఎవరి డబ్బు తీసుకున్నామో చూసేవాళ్లకు ముందే చెప్పాలన్నది బెయిన్ పట్టు.

ఆయన్ను విమర్శించినవాళ్లూ ఉన్నారు. మాట కటువు. 2014లో ఆటల లోకంలో రేగిన పెద్ద గొడవలో ఆయన తీసుకున్న వైఖరి చాలామందిని నొప్పించింది. అదీ చరిత్రే.

క్యాన్సరు తెలిసింది 2014లో. 2015 అక్టోబరులో కాలేయానికి పాకిందని, కోసి తీసే వీలు లేదని ఆయనే లోకానికి చెప్పారు. ఆ తరువాత కూడా రెండున్నరేళ్లు పని చేశారు. ఇక చేతకాదని తెలిసినప్పుడు తన పాడ్‌కాస్టులో తన చోటును భార్య జెన్నాకు అప్పగించారు.

మన వాళ్లకు రెండు మాటలు. ఫోనులో ఎవరైనా ఒక వస్తువును పొగిడితే, వీరికి డబ్బు ఇచ్చింది ఎవరు అని పిల్లలకు అడగడం నేర్పండి. విరేచనంలో రక్తం కనిపిస్తే మూలవ్యాధి అనుకుని, సిగ్గుపడి దాచకండి. వయసు చిన్నదైనా సరే, డాక్టరు దగ్గరకు పోండి.